మేళం కదిలిన ఆదివారం

నేను ఒక గిటారుని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కాస్త సిగ్గే. ముందు నుంచి చూస్తే నడుం సన్నంగా గిటారులాగే ఉంటాను. వెనక్కి తిప్పితే వీపు వీణ కుండలా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. మెడ చివర, వీణలకు ఉండేలాంటి సింహపు తల, కోరలతో ఒక చిన్న యాళి ముఖం కళ్లు మిటకరించి చూస్తుంటుంది. తీగలు బిగించడానికి నాకు ఇనుప మరలు లేవు, చెక్క బిరడాలే. ఒళ్లంతా పనస చెక్క. నాలాంటిది ఇంకొకటి లేదు. ఇది గొప్పకు చెప్పడం కాదు. ఇంకొకటి పుట్టకపోవడానికి కారణం నేనే.

పుట్టింది బొబ్బిలి దగ్గర వీణలు చేసేవాళ్ల వీధిలో, సన్యాసాచారి గారి అరుగు మీద, యాభై ఎనిమిదో సంవత్సరం చలికాలంలో. తాతల నాటి నుంచీ వాళ్ల ఇంట్లో వీణ తప్ప మరొకటి చేసింది లేదు. అలాంటి ఇంటికి ఒకరోజు బిగుతు ప్యాంటు వేసుకుని, తలకు నూనె దట్టంగా పట్టించి, ముందు జుట్టు పైకి దువ్వుకున్న ఒక పొడుగాటి కుర్రాడు వచ్చాడు. చేతిలో ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి.

అతని పేరు డెంజిల్ రోజారియో. వాల్తేరు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. ఇరవై రెండేళ్లు. ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉద్యోగం. తెలుగు లోకోషెడ్‌లో నేర్చుకున్నాడు కాబట్టి అతని తెలుగులో పెద్దా చిన్నా లేరు, అందరూ నువ్వే.

"ఇది చెయ్యి. వీణ చేస్తావు కదా, ఇది కూడా చేస్తావు" అన్నాడు బొమ్మ చూపించి.

వీధిలో జనం నవ్వారు. ఆచారి గారు నవ్వలేదు. బొమ్మను వెలుగులోకి పెట్టి చాలాసేపు చూశారు.

"దీని ఈపు ఎలగుంటాది బాబూ? బొమ్మలో అగుపించడం లేదు."

డెంజిల్ కూడా ఎప్పుడూ గిటారు వెనక వైపు గమనించలేదట. గుండ్రంగా ఉంటుందన్నట్టు చేతులు ఊపాడు. అదిగో, నా వీపు కథ అది. తలకాయ దగ్గర బొమ్మలో బోడిగా ఉంటే ఆచారి గారికి మనసొప్పలేదు, యాళిని చెక్కేశారు. మనుషులు తమకు తెలియని చోట తమకు తెలిసినదే పెడతారు. నా పుట్టుక మొత్తం ఆ ధోరణిలోనే సాగింది.

ఆ కుర్రాడికి నా అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆ రోజుల్లో సముద్రం అవతల నుంచి ఒక కొత్త పాట వచ్చింది. హార్బరులో ఆగిన ఓడల నుంచి నావికులు రికార్డులు తెచ్చి కాలనీలో ఇచ్చి పోయేవారు. రేడియోలో గరగరల మధ్య అప్పుడప్పుడూ దొరికేది. రాక్ అండ్ రోల్ అనేవారు దాన్ని. పెద్దవాళ్లు పిచ్చి గంతులు అనేవారు. ఆ పాట చెవిన పడ్డాక కాలనీ కుర్రాళ్లు కుదురుగా నడవడం మానేశారు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా కాలి బొటనవేళ్లు తాళం వేసేవి. డెంజిల్ అయితే బొగ్గు పార కొలిమిలోకి తోసే విసురు కూడా ఆ పాట లెక్కకే మార్చుకున్నాడు. డ్రైవరు తిడితే, స్టీము సరిగ్గానే ఉంది కదా అనేవాడు.

అతనికి ఇద్దరు జతగాళ్లు. డ్రమ్ము కొట్టే ట్రెవర్ ఒకడు. లోకోషెడ్‌లో ఫిట్టరు బాబ్జీ రెండోవాడు. బాబ్జీ ఖాళీ టీ పెట్టెకు చీపురుకర్ర నిలబెట్టి, తాడు కట్టి, దాన్ని లాగి బుంగ్ బుంగ్ అనిపించేవాడు. గిటారు ఒక్కటే లేదు. ఓడల మీద వచ్చేది ఫైర్‌మన్ అందుకోగలిగింది కాదు. బాబ్జీది బొబ్బిలి వైపు ఊరు. మా వైపు తీగ వాయిద్యాలు చేసేవాళ్లు ఉన్నారు, వెళ్లి అడుగు అన్నాడు.

డ్యూటీ వల్ల డెంజిల్ అక్కడ ఉండలేకపోయాడు. స్వరాలు పట్టుకోవడానికి ఉపయోగపడుతుందని తన మౌత్ ఆర్గాన్ ఆచారి గారి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆచారి గారి కూతురు పైడితల్లి. ఇరవై ఏళ్లది. ఆ ఇంట్లో మైనం పని ఆమెదే. తేనెమైనం కరగబెట్టి, అందులో బొగ్గుపొడి, గుగ్గిలం కలిపి నల్లటి ముద్ద చేసేది. తీగను నొక్కి స్వరం పలికించే వీణ మెట్లు ఆ ముద్దలోనే నిలుస్తాయి. ఇత్తడి కమ్మీని మెత్తటి మైనంలో గుచ్చి, చెవికి సరిపడేదాకా అటూ ఇటూ జరిపి, చల్లారనిస్తారు. ఆ పనిని మేళం కట్టడమంటారు. మెట్ల వరుసకు కూడా మేళమనే పేరు. గిటారు మెట్లను చెక్కలోనే దిగగొడతారని ఆచారి గారికి ఎవరు చెప్పారు? బొమ్మలో అది కూడా కనపడదు.

పైడితల్లి మౌత్ ఆర్గాన్ ఊదింది. ఆచారి గారు మెట్టు జరిపారు. అందులో దొరకని స్వరాలను తన చెవితో పూరించారు. అలా పద్దెనిమిది మెట్లు కట్టడానికి ఐదు రోజులు పట్టింది. చివరి మెట్టు దగ్గర ఆమె ఊపిరి అందక నవ్వేస్తే ఆయన కూడా నవ్వారు. చల్లారాక ఆ నల్లమైనం గట్టిపడి చేవ చెక్కలా కనిపించేది, తెలియనివాడు మైనమని అనుకోడు. నా జీవితంలో సిగ్గు లేని రోజులు అవే.

డెంజిల్ నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన రోజు బండికి ఆలస్యమైపోతోంది. ఆచారి గారు నన్ను పాత దుప్పటిలో చుట్టి చేతికిస్తూ చెప్పారు:

"బాబూ, ఒక్క మాట. ఎండ తగిలితే మేళం కదులుతాది. గురుతెట్టుకో."

డెంజిల్ ముఖం వెలిగిపోయింది. అతనికి తెలిసిన మేళం ఒక్కటే. కాలనీ గేటు ముందు నుంచి పెళ్లి ఊరేగింపుల్లో వెళ్లే బ్యాండు మేళం. ఎండ తగిలితే బ్యాండు కదిలిపోతుందట! ముసలాయన దీవిస్తున్నాడని అనుకున్నాడు.

"ఓకే! ఎండ! మేళం! గుర్తుంది!" అని ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసి పరిగెత్తాడు. ఇంత బాగా అర్థం చేసుకున్నాడని ఆచారి గారు సంతోషించారు. ఆ హడావిడిలో మౌత్ ఆర్గాన్ అరుగు మీదే ఉండిపోయింది.

నాకు రెండు అర్థాలూ తెలుసు. దుప్పటిలో ఉన్నాను, చేసేదేం లేదు.

కాలనీకి వెళ్లాక ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి జతగాళ్లకు చెప్పాడు. ఇంగ్లీషులో విన్న బాబ్జీకి అసలు మాట ఏమిటో తెలిసే దారి లేదు. పెద్దాయన అన్నాడంటే ఏదో ఉంటుందిలే అన్నాడు. అంతటితో అది వాళ్ల ఆచారమైపోయింది. వాయించడానికి ముందు నన్ను పెరటి గోడ మీద పావుగంట ఎండలో పెట్టేవారు. మాఘమాసపు ఎండ కాబట్టి నాకేం కాలేదు. ఒళ్లు వెచ్చబడి చెక్క నిజంగానే బాగా పలికేది. చూశావా, ముసలాయన చెప్పింది నిజం, అనుకునేవారు ముగ్గురూ. డ్రమ్ము మీద ట్రెవర్ ఒక సూర్యుడి బొమ్మ కూడా వేశాడు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు నెలలూ మేము బాగా వాయించాం. నా గొంతు అసలు గిటారు గొంతు కాదు. అందులో వీణ జీర ఒకటి ఉంటుంది. ఆ జీరతో ఆ పాట వింటే లోకోషెడ్ కూలీలు కూడా పనాపి తలలాడించేవారు. భాష తెలియదు, అయినా కాళ్లు ఊరుకోలేదు.

కాలనీలోని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో ఆదివారం మధ్యాహ్నాలు జామ్ సెషన్లనే పాటలూ నాట్యాలూ జరిగేవి. చెక్క నేల, గోడల వెంట కుర్చీలు, మధ్యలో గౌన్లు గిరగిరా తిరగడం. మే నెలలో ఒక ఆదివారం నాలుగు గంటలకు మా వంతు. కలకత్తాలో పెద్ద హోటలు బ్యాండు నడిపే ఒకాయన చుట్టపుచూపుగా వచ్చాడు. గిటారు వాయించేవాడి కోసం వెతుకుతున్నాడని, ఇవాళ వింటాడని తెలిసింది. డెంజిల్ బొగ్గు పార వదిలేసే రోజు అదొక్కటే, మళ్లీ రాదు. అందుకని అతను ఏం చేశాడంటే, పావుగంట సరిపోదని, రెండు గంటలకే నన్ను గోడ మీద పెట్టేశాడు.

ఇక్కడి నుంచి తప్పు నాది.

వాయిద్యాలకు నోరు లేదు గానీ ఒక్క పని చేతనవును, తీగ తెంపుకోవడం. ఒక్క తీగ టప్పుమని తెంపుకుంటే చాలు. కొత్తది వేయడానికి నన్ను నీడలోకి తీసుకెళ్లేవాడు. మెట్ల కింద మైనం మెత్తబడటం నాకు తెలుస్తూనే ఉంది. మొదటి మెట్టు వెంట్రుకవాసి ఒరిగింది. తెంపుకుందామనే అనుకున్నాను. అంతలో గోడ పక్క నుంచి చుక్కల గౌను వేసుకున్న అమ్మాయి ఒకతె నడిచిపోతూ ఆగి, ఎంత మెరుస్తోందో చూడు అని పక్క అమ్మాయితో అంది. ఎండలో నా వార్నీషు నిజంగానే మెరుస్తోంది. తీగ తెగి వేలాడుతుంటే ఆ మెరుపు పాడవుతుంది కదా అనిపించింది. ఇంకాసేపు చూద్దాం అనుకున్నాను. ఆ ఇంకాసేపు రెండు గంటలైంది.

స్టేజి మీద మొదటి పాట మొదటి వరుస. డెంజిల్ వేలు మూడో మెట్టు మీద నొక్కగానే మెట్టు జారింది. దాంతో పాటు నాలుగోది, ఐదోది. స్వరం ఎక్కడికో పోయింది. ఒక ఇత్తడి కమ్మీ ఊడి చెక్క నేల మీద టింగుమని పడి దొర్లింది. డెంజిల్ వేళ్ల నిండా నల్లటి మైనం. తెలియక చెమట తుడుచుకుంటే ముఖానికి, తెల్లచొక్కాకు అంటుకుంది.

"డ్యూటీ నుంచి బొగ్గు కూడా పట్టుకొచ్చాడురోయ్!" అని ఎవరో అరిచారు. హాలు హాలంతా నవ్వింది. కలకత్తా ఆయన మర్యాదస్తుడు. నవ్వలేదు, వాచీ చూసుకున్నాడు. ఆ చుక్కల గౌను అమ్మాయి మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది.

మర్నాడు డెంజిల్ నన్ను చంకన పెట్టుకుని బొబ్బిలి బండి ఎక్కాడు. వీధి మధ్యలో నిలబడి, అందరూ వినేలా ఆచారి గారి మీద విరుచుకుపడ్డాడు. కోపంలో సగం పైగా ఇంగ్లీషే వచ్చింది. తెలుగు ముక్కలు కొన్నే, అవే అందరికీ అర్థమయ్యాయి.

"నీది దొంగ పని! నన్ను మోసం చేశావ్! నీకు పని రాదు!"

పని రాదన్న మాట ఆ వీధిలో ఎవరూ ఎవరినీ అనరు. చుట్టూ ఉలి చప్పుళ్లు ఆగిపోయాయి. ఆచారి గారు నా ఒరిగిన మెట్లను తడిమి, తల దించుకున్నారు.

గుమ్మంలోంచి పైడితల్లి అంది: "ఎండలో ఎట్టినాడేటో అడుగు నాయినా!"

"నువ్వుండవే" అన్నారాయన. కొన్నవాణ్ణి ప్రశ్నలడగడం ఆయనకు చేతకాదు. చేసిన వస్తువు చెడితే చేసినవాడిదే తప్పని ఆయన లెక్క. "తప్పు నాదే బాబూ. ఇలగియ్యి, మళ్లీ కట్టిస్తాను" అని చేతులు చాచారు.

డెంజిల్ ఇవ్వలేదు. ఆ చాచిన చేతులు అలాగే ఉండగా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. బండిలో ఎవరూ చూడకుండా కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. నేను అతని ఒళ్లోనే ఉన్నాను.

తరువాతి యాభై ఏళ్ల సంగతి పెద్దగా ఏం లేదు. మిగిలిన మెట్లు కూడా ఊడగొట్టి, బోడి మెడతో నన్ను తలుపు వెనక మేకుకు తగిలించాడు. పారెయ్యలేదు, వాయించనూ లేదు. ఇంకో గిటారు కొనలేదు కూడా. ట్రెవర్ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. కాలనీలో సగం ఇళ్లు అలాగే ఖాళీ అయ్యాయి. బాబ్జీ ఖరగ్‌పూర్ బదిలీ అయి, అక్కడే పోయాడు. బిగుతు ప్యాంట్ల కుర్రాళ్లు పొట్టలు పెంచి, జుట్టు రాలగొట్టుకుని, తమ పిల్లల పాటల్ని పిచ్చి గంతులని తిట్టే వయసుకు వచ్చారు. డెంజిల్ డ్రైవరయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, రిటైరయ్యాడు, భార్యను సమాధి చేశాడు. ఆ పాటలు రేడియోలో ఎప్పుడు వచ్చినా కట్టేసేవాడు. కానీ కట్టేసిన తరువాత కూడా అతని చెప్పు కాసేపు నేల మీద తాళం వేస్తూనే ఉండేది.

విశాఖపట్నంలో అతని ఫ్లాటు కింది వాటాలో కామేశ్వరి గారనే వీణ టీచరు దిగారు. ఒకరోజు పొద్దున డెంజిల్ కూరల సంచీతో మెట్లెక్కుతుంటే ఆవిడ ఎవరో శిష్యురాలి తల్లితో అంటున్నారు:

"ఎండలో పెట్టకండమ్మా అని చెప్పానా లేదా? చూడండి, మేళం కదిలిపోయింది."

డెంజిల్ మెట్ల మీద ఆగిపోయాడు.

"మేడం, మేళం ఎక్కడ కదిలింది? మేళం అంటే బ్యాండు కదా?"

"బ్యాండేమిటండీ! వీణ మెట్లని మేళమంటాం. వాటి కింద ఉండేది మైనం. ఎండ తగిలితే కరుగుతుంది, మెట్లు జారిపోతాయి. వీణ చేసినవాళ్లు ఇచ్చేటప్పుడే చెబుతారు, ఎండ తగిలితే మేళం కదులుతుందని."

"చెప్పాడు" అన్నాడు డెంజిల్. సంచీలోంచి టమాటాలు మెట్ల మీద దొర్లుతున్నా చూసుకోలేదు. అక్కడే కూలబడి, "చెప్పాడు మేడం. నాకు చెప్పాడు" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. పైన మా ఫ్లాటు తలుపు తీసి ఉంది. లోపల మేకుకు వేలాడుతూ నేను విన్నాను. నా సిగ్గుకు తోడు ఆ రోజు ఒకరు దొరికారు. అయినా తేలికైందేమీ లేదు.

రెండో రోజే నన్ను తీసుకుని బొబ్బిలి బస్సెక్కాడు. డెబ్బై రెండేళ్లు దాటాయి, మోకాళ్లు సహకరించవు. వీధి కాస్త మారింది, ఉలి చప్పుడు మారలేదు. ఆచారి గారి అరుగు మీద ఒక ముసలావిడ మైనం ముద్ద పిసుకుతోంది. పక్కన ఆవిడ కోడలు చిన్న యాళి ముఖానికి రంగు వేస్తోంది. ముసలావిడ డెంజిల్‌ను చూడలేదు, నన్నే చూసింది.

"ఇది మా నాయిన సెయ్యి" అంది.

"నువ్వు పైడితల్లి" అన్నాడు డెంజిల్.

ఆమె అప్పుడు అతని ముఖంలోకి చూసింది. గుర్తుపట్టాక పలకరించలేదు. కూర్చోమనలేదు.

డెంజిల్ వీధి మధ్యకు నడిచాడు. ఆ రోజు నిలబడి అరిచిన చోటుకే. గొంతెత్తి, అందరూ వినేలా చెప్పాడు:

"సన్యాసాచారి పని రాదని ఇక్కడ నేను అరిచాను. తప్పు. ఎండలో పెట్టొద్దని ఆయన చెప్పాడు. నాకు తెలుగు రాదు. ఎండలో నేను పెట్టాను. ఆయన పని మంచిది. తప్పు నాది!"

పైడితల్లి తప్ప, వీధిలో ఆ రోజు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఉన్నవాళ్లకు ఈ ముసలాయన ఎవరో, దేని గురించి అంటున్నాడో తెలియదు. ఒకాయన ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. క్షమాపణ చెప్పాల్సినవాళ్లు పోయాక మనుషులు వీధికి చెప్పుకుంటారు.

"మా నాయిన ఇనాల్సిన మాట వీధికి సెప్తన్నావు" అంది పైడితల్లి. లోపలికి వెళ్లి ఒక చెక్క పలక తెచ్చి అతని ముందు పడేసింది. దాని మీద వరసగా నల్లమైనంలో గుచ్చిన ఇత్తడి మెట్లు, పది పదిహేను. కొన్ని ఒరిగిపోయి ఉన్నాయి. "నువ్వెళ్లిపోయాక మరి ఇంకో గిటారు సేస్తానని ఎవురికీ ఒప్పుకోలేదు. ఏటా ఎండాకాలం ఈ పలక డాబా మీద ఎట్టీవోడు. ఒకేడు గుగ్గిలం ఎక్కువ, ఒకేడు బొగ్గు ఎక్కువ. తన మైనంలోనే లోపముందంటాడు. ఎండకి కరక్కుండా ఉండే మైనం ఎలగుంటాది? దేవుడికైనా అవుద్దా? సచ్చిపోయినేడు కూడా ఎట్టినాడు."

డెంజిల్ పలక చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో మెట్టూ వేలితో తాకుతూ పోయాడు. నేనైతే ఆ పలక వైపు చూడలేకపోయాను. నేను నా వార్నీషు మెరుపు చూసుకున్నందుకు ఆయన అన్ని ఎండాకాలాలు డాబా ఎక్కి దిగారు.

పైడితల్లి చేయి చాచింది. తండ్రి చాచినట్టే.

"ఇలగియ్యి."

ఈసారి డెంజిల్ ఇచ్చాడు. ఆమె ట్రంకు పెట్టె తెరిచి గుడ్డలో చుట్టిన మౌత్ ఆర్గాన్ బయటకు తీసింది. "నీ పీపీ. ఒగ్గేసిపోనావు. మా నాయిన ఎవుర్నీ ముట్టుకోనివ్వనేదు."

ఆ రోజూ మర్నాడూ మేళం కట్టింది. ఇప్పుడు ఊదింది డెంజిల్. ఊపిరి అందక ఆగినప్పుడల్లా ఆమె కసురుకుంది, కానీ ఆగింది. రెండో రోజు సాయంత్రానికి కొత్త తీగలు బిగించి అతని ఒళ్లో పెట్టింది. వేళ్లు బిరుసెక్కిపోయాయి, మొదట రెండుసార్లు తడబడ్డాడు. తరువాత ఆ ఆదివారం సగంలో ఆగిపోయిన పాట ఎత్తుకున్నాడు. ఈసారి చివరిదాకా పాడాడు. పాటలో అమ్మాయిని నాట్యానికి రమ్మనడం తప్ప ఇంకేం లేదు. కోడలు కుంచె పట్టుకునే కాలు ఆడించింది.

"భలేగుంది బాబాయ్. కొత్త పాటేటి?" అని అడిగింది.

"కొత్తదే" అన్నాడు డెంజిల్. యాభై ఏళ్లలో అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు బయలుదేరే ముందు టీ తెచ్చారు. నన్ను అరుగు మీద స్టూలుకు ఆనించి వాళ్లిద్దరూ మాటల్లో పడ్డారు. ఆచారి గారు ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, ఆ మాటలు. పొద్దెక్కుతోంది. చూరు అంచు దాటి ఎండ అరుగు మీదికి పాకుతోంది. ముందు స్టూలు కాలు, తరువాత నా వీపు, తరువాత మెడ. పచ్చి మైనం, ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. మొదటి మెట్టు కింద ఆ మెత్తదనం నాకు మళ్లీ తెలిసింది. కోడలు ఇటు చూసి, ఎంత బాగా మెరుస్తోందో, అంది.

తీగ తెంపుకున్నాను. టప్పుమంది.

"ఓలమ్మో, ఎండొచ్చేసింది!" అని పైడితల్లి టీ గ్లాసు వదిలేసి లేచింది. నన్ను నీడలోకి లాగి, మెట్లన్నీ ఒక్కొక్కటే వేలితో నొక్కి చూసింది. డెంజిల్ వంగి ఆమె వేలి వెంటే చూశాడు.

"కదల్లేదు" అంది.

"దీనికి నాకంటే బాగా తెలుగు వచ్చు" అన్నాడు డెంజిల్.

ఆమె నవ్విందో లేదో నేను చూడలేదు. నా తెగిన తీగ ముఖం మీద వేలాడుతోంది. నా సిగ్గు పోయిందని అనను. కానీ ఆచారి గారి మేళం కదల్లేదు.